కత్తికున్న విలువ కాన్పుకు లేదు: సిజేరియన్ లెక్కల్లో కులం

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్ ఆపరేషన్లే. దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తం మీద 21.5. ఇక్కడికి రావడానికి ఈ దేశానికి ముప్ఫై ఏళ్లు కూడా పట్టలేదు. 1992-93లో మొదటి సర్వే జరిగినప్పుడు నూటికి మూడు కాన్పులు కూడా ఆపరేషన్లు కావు. 2005-06 సర్వే నాటికి 8.5, 2015-16 సర్వే నాటికి 17.2 అయింది.

ఈ అంకెలు బయటికొచ్చినప్పుడల్లా ఒక తంతు నడుస్తుంది. పత్రికలు 'కడుపు కోతలు' అని శీర్షిక పెడతాయి. మంత్రులు ఆందోళన వ్యక్తం చేస్తారు. అధికారులు సమీక్షా సమావేశాలు పెడతారు. డాక్టర్లు టీవీల్లో కూర్చుని కారణాలు చెబుతారు. ఆ కారణాలు ప్రధానంగా మూడు. ఈ కాలం ఆడవాళ్లు నొప్పులు ఓర్చుకోలేకపోతున్నారన్నది మొదటిది. ముహూర్తాల పిచ్చి రెండోది. ప్రైవేటు ఆసుపత్రుల డబ్బాశ మూడోది. మూడింటిలోనూ ఎంతో కొంత నిజం ఉంది. కానీ మూడింటిలోనూ కులం లేదు. ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషి ఎవరు, ఆమె ఏ వాడనుంచి వచ్చింది, రేపు లేచి ఏ పనికి పోవాలి అన్న ప్రశ్న ఈ చర్చలో ఎక్కడా వినబడదు. ఈ చర్చనే ఇక్కడ విమర్శకు తీసుకుంటున్నాం.

సగటు చెప్పని సంగతి

మంత్రులూ పత్రికలూ వాడేది సర్వేవాళ్లు రాష్ట్రానికొకటి చొప్పున విడుదల చేసే ఫ్యాక్ట్ షీటు. అందులో పట్టణం ఉంటుంది, గ్రామం ఉంటుంది, మొత్తం ఉంటుంది, పాత సర్వే అంకె ఉంటుంది. కులం ఉండదు. సర్వేకి వెళ్లినవాళ్లు ఇంటింటా కులం అడుగుతారు, రాసుకుంటారు. దేశం మొత్తానికి వేసే పెద్ద నివేదికలో కులాలవారీ పట్టికలూ ఇస్తారు. కానీ వార్త అయ్యే కాగితం మీదికి మాత్రం కులం రాదు. కాబట్టి రాష్ట్రంలో జరిగే చర్చంతా 'తెలంగాణ స్త్రీ' అనే ఒక ఊహా మనిషి మీద నడుస్తుంది.

ఆ పట్టికల్ని కాస్త విడదీసి చూద్దాం. దేశం మొత్తం మీద ప్రైవేటు ఆసుపత్రి కాన్పుల్లో నూటికి 47.4 ఆపరేషన్లు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 14.3. అత్యంత పేద ఐదో వంతు కుటుంబాల్లో ఆపరేషన్ కాన్పులు పదో వంతు కూడా లేవు. పై ఐదో వంతులో మూడో వంతు దాటిపోయాయి. షెడ్యూల్డ్ తెగల స్త్రీలకు జరిగే ఆపరేషన్లు జాతీయ సగటు కన్నా బాగా తక్కువ. ఏ రిజర్వేషన్ వర్గంలోనూ లేనివాళ్లకు సగటు కన్నా ఎక్కువ. బీహార్‌ని చూడండి. అక్కడ ప్రైవేటులో 39.6 ఉంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో 3.6. అంటే ఆ రాష్ట్రంలో ప్రభుత్వ ఆసుపత్రినే నమ్ముకున్న ఆడమనిషికి బిడ్డ అడ్డం తిరిగినా, రక్తం పోతున్నా, సమయానికి ఆపరేషన్ దొరికే అవకాశం చాలా తక్కువ. జనాభాలో ఆపరేషన్లు నూటికి పది దాకా పెరుగుతున్నకొద్దీ తల్లుల మరణాలు తగ్గుతాయనీ, పది దాటాక ఇంకా పెంచినందువల్ల తగ్గుతున్నట్టు కనబడటం లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. బీహార్ ప్రభుత్వ ఆసుపత్రుల అంకెను ఆ పది పక్కన పెట్టి చూడాలి. 2018-20 నాటి లెక్కల్లో ఆ రాష్ట్రంలో లక్ష కాన్పులకు 118 మంది తల్లులు చనిపోయారు.

ఇప్పుడు తెలంగాణకి వద్దాం. ప్రైవేటులో 81.5. ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. ఈ రెండో అంకెను మనవాళ్లు తొందరగా దాటేస్తారు. 'ప్రైవేటు కన్నా ప్రభుత్వం నయం' అనడానికి దాన్ని వాడుకుంటారు. అసలు విషయం అది కాదు. దేశమంతటా ప్రైవేటు ఆసుపత్రుల సగటు 47.4 అయితే, తెలంగాణలో సర్కారు దవాఖాన దాదాపు ఆ స్థాయిలో కోస్తోంది. సర్కారు దవాఖానకి ఎవరు పోతారో వేరే చెప్పక్కర్లేదు. మాల, మాదిగ, లంబాడి, కోయ, గోండు, బీసీ కులాల పేదలు, పేద ముస్లింలు. మిగతా దేశంలో ఆపరేషన్ కలిగినవాళ్ల సౌకర్యంగా కనబడుతుంటే, ఇక్కడ అది కూలి మనిషి దాకా దిగి వచ్చింది. అయితే రాష్ట్రమంతా ఒకేలా కూడా లేదు. కరీంనగర్ జిల్లాలో 80 శాతం దాటితే, ఆదివాసులు ఎక్కువగా ఉండే కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో అందులో సగం కూడా లేదు. ఒకచోట అక్కర లేకున్నా కత్తి, ఇంకోచోట అక్కరకు అందని కత్తి. రెండు చోట్లా నిర్ణయం ఆమెది కాదు.

ఇన్ని ఆపరేషన్లు చేసినందువల్లే తల్లులు బతుకుతున్నారు గదా అని అనేవాళ్లూ ఉన్నారు. 2018-20 లెక్కల్లో తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 43. కేరళలో 19. కేరళలో ఆపరేషన్లు 38.9 శాతం. కేరళది కూడా తక్కువేమీ కాదు. కానీ తల్లి ప్రాణం కాపాడాలంటే అరవై మందిని కోయాలన్న వాదన ఈ రెండు అంకెల ముందు నిలబడదు. మరణాలు తగ్గడంలో చదువు, తిండి, రక్తం, రోడ్డు, సమయానికి చూసే మనిషి - ఇవన్నీ ఉన్నాయి.

మూడు కారణాలు, ఒక మౌనం

ఆడవాళ్లు నొప్పులు ఓర్చుకోలేకపోతున్నారన్న మాట ముందు చూద్దాం. నాట్లు వేసే మనిషికి, పత్తి ఏరే మనిషికి, తొమ్మిదో నెలదాకా కూలికి పోయే మనిషికి ఓర్పు గురించి పాఠం చెప్పడం ఎబ్బెట్టుగా ఉంటుంది. ఆమెకు భయం నొప్పులంటే కాదు, నొప్పులు పడే గది అంటే. ఇరుకు మంచాలు, తోడు ఎవర్నీ రానివ్వని తలుపు, 'అప్పుడు తెలియలేదా' అన్న తిట్టు, తొడ మీద దెబ్బ, కడుపు మీద నొక్కుడు. సర్కారు లేబర్ రూముల గురించి ఏ వాడలో అడిగినా ఆడవాళ్లు చెప్పే సంగతులివి. కాన్పు సమయంలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వొచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో చెప్పింది. గౌరవంగా చూడాలని 'లక్ష్య' కార్యక్రమం పేరుతో 2017లో మళ్లీ చెప్పింది. గౌరవంగా చూడండని ప్రభుత్వమే తన సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పుకోవాల్సి వచ్చిందంటే, అంతకుముందు సంగతేమిటో ఊహించుకోవచ్చు. ఆ గదిలో పన్నెండు గంటలు పడి ఉండేకన్నా గంటలో కోసి తీసెయ్యమని ఒకామె అడిగితే, దాన్ని ఆమె 'ఎంపిక' అనొచ్చునా? ఆ గదిని అలా ఉంచినవాళ్ల పూచీ ఏమీ లేదా?

రెండోది ముహూర్తం. తెలంగాణలో, ఆంధ్రలో పంచాంగం చూసి బిడ్డను తీయించుకోవడం ఉంది. పెళ్లికీ గృహప్రవేశానికీ పెట్టినట్టే పుట్టుకకీ ఘడియలు పెడుతున్నారు. అప్పుడే పుట్టిన బిడ్డ నుదుటి రాతను తానే రాయగలనని బ్రాహ్మణీయ భావజాలం ఆపరేషన్ థియేటర్లోకి కూడా వచ్చి కూర్చుంది. సైన్సు చదివిన డాక్టరు దానికి సమయం సర్దుతున్నాడు. మన వాడల్లోకి కూడా ఈ జబ్బు పాకుతోంది, దాన్ని మనం దాచుకోనక్కర్లేదు. పుట్టుకను బట్టి మనిషి విలువ కట్టే ధర్మం చేతిలో వేల ఏళ్లు నలిగినవాళ్లం పుట్టిన ఘడియకు విలువ కట్టడం మొదలుపెడితే అంతకన్నా విషాదం లేదు. అయితే ముహూర్తం పెట్టించుకోవాలంటే ముందు డాక్టరుతో మాట్లాడి ఒప్పించుకోగల మనిషై ఉండాలి. రోజూ చేంతాడంత వరస ఉండే సర్కారు దవాఖానలో మంచం దొరకడమే గగనమైన మనిషికి ఘడియలు ఎంచుకునే అధికారం ఎక్కడిది? 44.5 శాతాన్ని ముహూర్తంతో వివరించడం కుదరదు.

మూడోది డబ్బాశ. ఇది నిజం. కానీ అత్యాశ అని ఒక్క మాట అనేసి ఊరుకుంటే అది వ్యక్తుల నీతి సమస్యగా మిగిలిపోతుంది. అది నడిచే పద్ధతి చూడాలి. తొలిచూలు కాన్పుకు నొప్పులు మొదలయ్యాక పన్నెండు గంటలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. అది రాత్రే రావచ్చు, పండగనాడే రావచ్చు. ఆపరేషన్‌కి గంట చాలు, సమయం ముందే పెట్టుకోవచ్చు. ఒక్క డాక్టరు మీద నడిచే నర్సింగ్‌హోముకి మత్తు డాక్టర్ని పిలిపించి వరసగా నాలుగు ఆపరేషన్లు చేసుకోవడం సులువు. బిల్లు కూడా పెద్దది. ఇలా ఒకసారి కోశాక రెండో కాన్పుకి 'మొదటిది ఆపరేషన్ కదా' అని మళ్లీ కోత. అప్పు చేసి మొదటి కాన్పు ప్రైవేటులో చేయించుకున్న మనిషి, ఆ అప్పు తీరకముందే రెండో కాన్పుకి సర్కారు దవాఖానకి వస్తుంది. అక్కడ ఆమె పాత కుట్టును చూసి మళ్లీ కోస్తారు. సర్కారు అంకె పెరగడానికి ఇదొక కారణమని అధికారులే చెబుతారు. నిజమే కావచ్చు. మరి పాత కుట్టు ఉన్నా జాగ్రత్తగా కనిపెట్టి చూస్తే చాలామందికి మామూలు కాన్పు అవుతుందని వైద్యశాస్త్రమే చెబుతోంది గదా! అలా కనిపెట్టి చూసే మనిషి ఎక్కడున్నారు? ఈ ప్రశ్న దగ్గరికి రాగానే మూడు కారణాలూ ఆగిపోతాయి. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

కనిపెట్టుకు కూర్చునే పని

కాన్పులో ఎక్కువ భాగం పని కనిపెట్టుకుని ఉండటమే. నడిపించడం, వీపు రుద్దడం, నీళ్లు తాగించడం, ధైర్యం చెప్పడం, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు పెద్ద ఆసుపత్రికి పంపాలో తెలుసుకోవడం. ఈ పనికి గంటలు కావాలి, మనసు కావాలి, చేతికి అనుభవం కావాలి. మన ఊళ్లలో ఈ పని మంత్రసానిది. మంత్రసాని ఎవరు? ఊరిని బట్టి మంగలి, చాకలి, మాల, మాదిగ స్త్రీ. ఏ కులమో అనుకోకుండా వచ్చింది కాదు. పురుడు మైల, నెత్తురు మైల, మాయ మైల, బొడ్డు కోసే చెయ్యి మైల. ఆ మైల ముట్టుకునే పనికి అంటరాని చెయ్యి కావలసి వచ్చింది. మామూలు రోజుల్లో గడప తొక్కనివ్వని ఇంట్లోకి ఆ ఒక్క రాత్రి ఆమెను పిలిచారు. తెల్లారాక ఇంత గింజలు, ఒక పాత చీర ఇచ్చి పంపి, ఆమె తిరిగిన చోటు కడిగించారు. 'మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి' అని తెలుగులో ఒక సామెత ఉంది. నవ్వుతూ వాడతాం. ఆ సామెతలో ఆమె నేర్పుకు చోటులేదు, ఆమె పట్టాల్సిన అశుద్ధానికే చోటు.

ఈ పనిని దళితులు తిరస్కరించిన చరిత్ర కూడా ఉంది. ఉత్తరప్రదేశ్‌లో 1950ల నుంచి కొన్ని దశాబ్దాలపాటు సాగిన నారా-మవేశీ ఆందోళనలో చమార్ మగవాళ్లు చచ్చిన పశువుల్ని ఎత్తబోమన్నారు, ఆడవాళ్లు బొడ్డుతాడు కోయబోమన్నారు. దానికి దాడులు ఎదుర్కొన్నారు. పనిలో నైపుణ్యం ఎంత ఉన్నా, కులం కట్టబెట్టిన వెట్టి వెట్టే. దాన్ని వదిలించుకోవడం ఆత్మగౌరవం. కాబట్టి మంత్రసాని రోజులు మళ్లీ రావాలని మనం అనడం లేదు. ఆ రోజుల్లో తల్లులూ చచ్చిపోయారు, బొడ్డు కోసిన చోట ధనుర్వాతం వచ్చి పిల్లలూ చచ్చిపోయారు. అందరికన్నా ఎక్కువ పోయింది మన వాడల్లోనే.

మనం అడిగేది వేరు. వలస పాలనలో 1885లో డఫరిన్ ఫండ్ వచ్చినప్పటినుంచీ దాయీ అంటే మురికి, అజ్ఞానం, చావు అని రాశారు. ఆ రాతల్లో శుభ్రత గురించి చెప్పింది కొంత నిజం. కానీ ఆ వంకతో ఆమె చేసే పని మొత్తాన్నీ పనికిరానిది చేశారు. కాన్పు ఆసుపత్రికి మారింది. 2005లో జననీ సురక్షా యోజన వచ్చాక ఆ మార్పు వేగం పుంజుకుంది. 2005-06లో దేశంలో నూటికి 38.7 కాన్పులు ఆసుపత్రుల్లో అయితే 2019-21 నాటికి 88.6 అయ్యాయి. తెలంగాణలో 97. ఇది మంచి మార్పే, మన హక్కు కూడా. అయితే ఆసుపత్రికి కత్తి వచ్చింది, మందు వచ్చింది, యంత్రం వచ్చింది. కనిపెట్టుకు కూర్చునే పని మాత్రం రాలేదు. కులసమాజం ఆ పనికి ఇంత గింజలకు మించి విలువ ఎన్నడూ కట్టలేదు. ఆధునిక ఆసుపత్రి కూడా ఆ అలవాటునే కొనసాగించింది. ఆపరేషన్‌కి ఫీజు ఉంది, పేరు ఉంది, హోదా ఉంది. రాత్రంతా మేలుకుని ఒక ఆడమనిషి పక్కన కూర్చోవడానికి బిల్లులో వరస కూడా లేదు. లేబర్ రూములో ఆ పని పడేది ఒక్క నర్సు మీద, ఒక్క ఆయా మీద. వాళ్లకి ఒకేసారి అరడజను మంది తల్లులు. వాళ్లలోనూ ఎక్కువమంది మన కులాలవాళ్లే అన్నది ఏ ఆసుపత్రి వరండాలో నిలబడినా తెలుస్తుంది. పని ఒత్తిడిలో నలిగిన దళిత ఆయా, నొప్పులతో వచ్చిన దళిత తల్లిని కసురుతుంది. పై మెట్టు మీదున్నవాడు ఈ కసురునే చూపించి 'వీళ్లకి మర్యాద తెలీదు' అంటాడు.

2017లో కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సులకు అంతర్జాతీయ ప్రమాణాలతో మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టారు. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. మంచిదే. ఆపరేషన్ల తాకిడి ఎక్కువున్న చోటే మళ్లీ కనిపెట్టే మనిషి కావలసి వచ్చింది. కానీ వందేళ్లకుపైగా మురికి చెయ్యి అని తరిమేసిన పనిని ఇంగ్లీషు పేరు పెట్టి తిరిగి తెచ్చుకుంటున్నప్పుడు, ఆ పని చేసిన మన అమ్మమ్మల్ని ఆ పాఠాల్లో ఎక్కడైనా తలుచుకుంటారా? రేపు ఆ పనికి మంచి జీతం, హోదా వస్తే అందులో మన పిల్లలకి వాటా ఉంటుందా? ఈ రెండు ప్రశ్నలూ అడగాలి.

మూడు ఆపరేషన్లు

సిజేరియన్‌ని మనవాళ్లు 'పెద్దాపరేషన్' అంటారు. ఆ తర్వాత 'పిల్లల ఆపరేషన్'. ఆ తర్వాత 'గర్భసంచి ఆపరేషన్'. సర్వేలు వీటిని వేర్వేరు పట్టికల్లో పెడతాయి. ఆరోగ్యశాఖలో వీటికి వేర్వేరు విభాగాలు. కానీ ఆ మూడు పట్టికలూ ఒకే మనిషి కడుపు మీద ఉంటాయి.

2019-21లో పెళ్లయి 15-49 ఏళ్ల మధ్య ఉన్న స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్లు దేశంలో 37.9 శాతం. తెలంగాణలో 61.9, ఆంధ్రప్రదేశ్‌లో 69.6. దేశంలో మగవాళ్ల ఆపరేషన్ 0.3 శాతం. గర్భసంచి తీయించుకున్నవాళ్లు 2015-16 సర్వేలో దేశంలో 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అంటే సిజేరియన్ల పెరుగుదల తెలుగు నేల మీద ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆడమనిషి కడుపుకి సంబంధించిన ఏ సమస్యకైనా కత్తే జవాబని ఇక్కడి వైద్యం, ఇక్కడి ప్రభుత్వాలు ఎప్పుడో నిర్ణయించేశాయి. రెండో సిజేరియన్‌తోపాటే పిల్లల ఆపరేషన్ కూడా చేసేస్తారు. కుట్లు పడ్డ కడుపుతో, నడుంనొప్పితో, తెల్లబట్టతో కూలికి పోయే మనిషి ముప్ఫైల్లోనే 'సంచి తీయించుకుంటే పోతుంది' అన్న సలహా దగ్గరికి చేరుతుంది.

ఈ కత్తి ఎవరి మీద ఎంత నిర్లక్ష్యంగా ఆడుతుందో తెలియాలంటే రెండు ఘటనలు చాలు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక శిబిరంలో కొన్ని గంటల్లో 83 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా స్త్రీలు చనిపోయారు. వాళ్లు పేదలు, దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాలవాళ్లు. 2022 ఆగస్టులో తెలంగాణలో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేశారు. నలుగురు చనిపోయారు. అయినా సిజేరియన్ల మీద జరిగే చర్చలో ఈ ఊళ్ల పేర్లు వినబడవు. సిజేరియన్ మధ్యతరగతి సమస్య అనీ, ఇవి పేదల సమస్య అనీ విడదీసి పెట్టుకున్నారు.

నార్మల్ అనే కొత్త టార్గెట్

ఇక ప్రభుత్వం చేస్తున్నదేమిటి? నార్మల్ కాన్పులు పెంచండని ఆసుపత్రులకు ఆదేశాలు, పెంచిన సిబ్బందికి ప్రోత్సాహకాలు, పెంచనివాళ్లకు మెమోలు. టార్గెట్ అన్న మాట పేదల శరీరాల మీద ఏం చేస్తుందో ఈ దేశం ఎమర్జెన్సీలో చూసింది. కుటుంబ నియంత్రణలో టార్గెట్లు ఎత్తేస్తున్నామని 1996లో ప్రభుత్వం ప్రకటించుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు అదే పద్ధతిని తిరగేసి వాడుతున్నారు. నిన్న కోసినందుకు మెప్పు, నేడు కోయనందుకు మెప్పు. లేబర్ రూములో మనుషుల్ని పెంచకుండా అంకె మాత్రం తగ్గించమంటే ఏమవుతుంది? నిజంగా ఆపరేషన్ కావలసిన మనిషిని కూడా 'ఇంకాసేపు చూద్దాం' అని ఆపుతారు. చివరి నిమిషంలో పెద్దాసుపత్రికి రాసి పంపుతారు. ఆ ఆలస్యం ఎవరి మీద పడుతుంది? గట్టిగా అడగలేని మనిషి మీద, పక్కన మాట్లాడే మనిషి లేని మనిషి మీద. ఏ ఒక్క అంకెనో సాధించడం కాదు, అవసరమున్న ప్రతి స్త్రీకీ ఆపరేషన్ అందేలా చూడటం ముఖ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అన్నది ఇందుకే. స్త్రీలను పది రకాలుగా విడదీసి - తొలిచూలా కాదా, పాత కుట్టు ఉందా లేదా, బిడ్డ ఎలా ఉంది, నొప్పులు తమంతట వచ్చాయా లేదా అని - ఏ రకంలో ఎన్ని ఆపరేషన్లు జరిగాయో చూసే రాబ్సన్ పద్ధతిని అదే సంస్థ సూచించింది. అలా చూస్తేనే ఎక్కడ అనవసరంగా కోస్తున్నారో బయటపడుతుంది. మన దగ్గర ఆ పదింటితోపాటు కులం అనే గడి కూడా ఉండాలి.

ప్రభుత్వానికి ఇంకోవైపు పట్టణాల్లో 'సహజ ప్రసవం' ఉద్యమం ఒకటి బయలుదేరింది. నీళ్ల తొట్లు, యోగా, ప్రత్యేక గది, పక్కన భర్త. డబ్బున్నవాళ్లకి ఇప్పుడు నార్మల్ కాన్పు కూడా ఒక ఖరీదైన ప్యాకేజీ. ఈ ఉద్యమంలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. పొలం గట్టు మీద కని, బిడ్డను నడుముకి కట్టుకుని మళ్లీ కలుపు తీసిన పల్లెటూరి స్త్రీని చూసి నేర్చుకోవాలట. ఆమె ఎందుకు గట్టు మీద కన్నది? ఆ పూట కూలి పోగొట్టుకోలేక. మన లేమిని తమ ఆదర్శంగా చూపించడం కన్నా క్రూరమైన పొగడ్త లేదు.

1980ల నుంచీ తెలుగు స్త్రీవాదం లేబర్ రూముని సాహిత్యంలోకి తెచ్చింది. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' కవిత ఆ రోజుల్లో పెద్ద చర్చే లేపింది. కాన్పు బాధను మాటల్లో పెట్టడం అప్పటికి అవసరమైన పని. ఆ తర్వాత 1990లలో దళిత స్త్రీలు 'స్త్రీ' అన్న ఆ ఒక్క మాటలో మేమెక్కడున్నాం అని అడిగారు. ఆ ప్రశ్న లేబర్ రూము తలుపు దగ్గర ఇప్పటికీ నిలబడే ఉంది. ఎందుకంటే ఆ గదిలో బల్ల మీద ఒక స్త్రీ ఉంటే, బల్ల కింద నెత్తురు తుడిచే స్త్రీ కూడా ఉంది. బల్ల దిగాక ఎన్నాళ్లు పడుకోగలరన్నదాంట్లో కూడా ఒక స్త్రీకీ ఇంకో స్త్రీకీ చాలా తేడా ఉంది.

కుట్లు మానే కాలానికి కూలి

ఆపరేషన్ అయిన తల్లి ఆరు వారాలదాకా బరువులు ఎత్తకూడదని డాక్టర్లు చెబుతారు. ఆ మాట చీటీలో రాయడానికి ఖర్చు లేదు, పాటించడానికి ఉంది. సంఘటిత రంగంలో ఉద్యోగం చేసే తల్లికి 2017 సవరణతో 26 వారాల జీతంతో సెలవు వచ్చింది. వ్యవసాయ కూలీకి ఆ చట్టం వర్తించదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి తల్లికీ కనీసం 6,000 రూపాయలని రాసుకుంది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన దాన్ని తొలి కాన్పుకి 5,000 చేసింది. రెండో బిడ్డకు 2022 నుంచి ఇస్తున్నారు, అదీ ఆడపిల్ల అయితేనే. తెలంగాణలో 2017లో కేసీఆర్ కిట్ పథకం కింద మగబిడ్డకి 12,000, ఆడబిడ్డకి 13,000 ప్రకటించారు. ఏ పథకంలోనూ ఆపరేషన్ అయిన మనిషికి అదనంగా ఎన్ని రోజుల కూలి పోతుందన్న లెక్క లేదు. అనవసరంగా కోసింది ఆసుపత్రి, ఆ ఆరు వారాల కూలి పోగొట్టుకునేది ఆమె.

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లు చర్చకు వచ్చినప్పుడు అంబేద్కర్ దాన్ని బలపరిచారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ భారం చాలావరకు ప్రభుత్వమే మోయాలని వాదించారు. ఆయన కాన్పును ఇంటి విషయంగా గానీ, ఓర్పు విషయంగా గానీ చూడలేదు. కూలి విషయంగా, హక్కు విషయంగా చూశారు. దాదాపు నూరేళ్ల తర్వాత మనం ఇంకా ఆడవాళ్ల ఓర్పు గురించీ, పంచాంగం గురించీ మాట్లాడుకుంటున్నాం.

కాబట్టి సిజేరియన్లు తగ్గాలా పెరగాలా అన్న ప్రశ్నకు దళితుల వైపు నుంచి ఒక్క మాటలో జవాబు లేదు. ఆసిఫాబాద్ అడవిలో, బీహార్ పల్లెలో పెరగాలి. కరీంనగర్ నర్సింగ్‌హోములో తగ్గాలి. రెండూ జరగాలంటే కొన్ని పనులు కావాలి. ప్రతి ఆసుపత్రి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, ఎన్ని కాన్పులు చేసిందో, ఎన్ని కోసిందో, ఎందుకు కోసిందో, ఏ కులంవాళ్లని కోసిందో ఏటా బయటపెట్టాలి. ఫ్యాక్ట్ షీటులో కులం రావాలి. లేబర్ రూములో ఒక్కో తల్లి పక్కన ఒక్కో మనిషి ఉండేటన్ని పోస్టులు మంజూరు చెయ్యాలి, ఆ పనికి చదువూ జీతమూ హోదా ఇచ్చి అందులో మన పిల్లలకి రిజర్వేషన్ పాటించాలి. తోడు మనిషిని రానివ్వాలన్న 2016 నాటి మాట ప్రతి తలుపు మీదా రాసి పెట్టాలి. ఆపరేషన్ బల్ల మీద పిల్లల ఆపరేషన్‌కి సంతకం తీసుకోవడం ఆపాలి. కోసిన ప్రతి తల్లికీ కుట్లు మానేదాకా కనీస కూలి ఇవ్వాలి.

ఇందులో కొత్త సైన్సు ఏమీ అక్కర్లేదు. కనిపెట్టుకు కూర్చునే మనిషికి విలువ కట్టడమొక్కటే కావాలి. ఆ పని ఇంతకాలం ఎవరు చేశారో గుర్తున్న సమాజానికి అదే అన్నిటికన్నా కష్టంగా ఉంది. వచ్చే సర్వే అంకె 60 నుంచి 50కి తగ్గినా, తగ్గిన ఆ పదిమందిలో ఎవరున్నారో అడగండి. ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వలేని అంకెను మనం సంబరంగా తీసుకోనక్కర్లేదు.